ఐదు కంకులు, ఒక కోటు

ఆగస్టు 4

పిట్టకి అన్న రాస్తున్నది.

ఇరవై రెండేళ్ళ కిందట, అమ్మ పోయిన రోజున, నువ్వు గేటు దాకా వచ్చి గడప తొక్కకుండా వెళ్ళిపోయావు. ఆ సంగతి ముందు రాయాలి. క్షేమం తర్వాత అడుగుతాను.

అమ్మని వరండాలో పడుకోబెట్టాం. నేను గడ్డి కోసే ఆటల మైదానంలో పనిచేసే వాళ్ళంతా వచ్చారు. మీ చెల్లెలొచ్చిందని ఎవరో కేకేశారు. నాన్న పెట్టెలోంచి తీసిన మంచి కోటు వేసుకుని ఉన్నాను, అలాగే గేటు దాకా ఎదురొచ్చాను. నీ చెయ్యి పట్టుకోబోయాను. నువ్వు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి అడుగేశావు. నన్ను చూసి వెనక్కి! ఆ తర్వాత వెనుదిరిగి చూడకుండా రోడ్డు దాటేశావు. పంపు నడిపేవాడు అందరూ వినేలాగా అన్నాడు, "గడ్డి కోసేవాడి ఇల్లు కదా, ఆవిడకి కంపు కొట్టి ఉంటుంది" అని. ఆ పంపువాడు చచ్చి తొమ్మిదేళ్ళయింది. మాట మాత్రం ఇంకా బతికే ఉంది.

తర్వాత నువ్వు మూడు ఉత్తరాలు రాశావు. మూడూ విప్పకుండా పొయ్యిలో పెట్టాను. అబద్ధం చెప్పను.

ఇప్పుడు రాస్తున్నది నాకేదో అవసరం వచ్చి కాదు. మైదానం మూసేసి రెండేళ్ళయింది. కోత మెషిన్ పట్టుకుపోయారు. యాభై ఏళ్ళలో ఒక్క గడ్డిపరకని కంకి వెయ్యనివ్వని మైదానం ఇప్పుడు నడుము ఎత్తు పెరిగి ఊగుతోంది. చూస్తే సిగ్గేస్తుంది. వచ్చే నెల ముప్పైన ఈ ఇల్లు కూడా పడగొడతారట. ఎక్కడో మూడో అంతస్తులో గది ఇస్తామని ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. పచ్చటి పరక కనపడని చోట నేను గోడల్ని చూస్తూ కూర్చోవాలా?

ఇల్లు పడేలోపు నువ్వు రావాలి. అమ్మని పడుకోబెట్టిన వరండా ఎక్కాలి. గడప దాటి లోపల ఒక గ్లాసు మంచినీళ్ళు తాగాలి. అంతే. సంతకం సంగతి ఆ తర్వాతే. నువ్వు గడప దాటకుండా నేను ఈ గడప దాటను.

కాగితం పచ్చబడిందని నవ్వకు. నాన్న పెట్టెలో బట్టల అడుగున దాచిన కాగితాలివి. కొత్తవి కొనే ఓపిక లేదు.

క్షేమమా?

నీ అన్న

*

ఆగస్టు 13

అన్నయ్యకి,

కవరు విప్పి నీ అక్షరాలు చూశానో లేదో కళ్ళలోంచి ధారగా నీళ్ళు. గంటసేపు తుమ్ములు, ముక్కు ఎగబీల్చడాలు. మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, "ఏంటమ్మా, ఏడుస్తున్నావా?" అంది. ఏడుపే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ తర్వాత చూసిన చేతిరాత కదా. నీ 'ళ'కి ఇంకా తోక వంకరే.

నువ్వు పొయ్యిలో పెట్టిన మూడు ఉత్తరాల్లో ఉన్నది ఒకటే మాట. మళ్ళీ రాస్తాను. ఈసారి కాల్చకు.

అన్నయ్యా, నేను నిన్ను చూసి వెనక్కి అడుగెయ్యలేదు. ఊపిరి ఆడక వేశాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎండుగడ్డి కొట్టంలో దాగుడుమూతలాడి, ఆయాసంతో నీలంగా అయిపోయాను, గుర్తుందా? గడ్డి మోపులు కట్టకుండా తప్పించుకోవడానికే ఇదంతా అని, 'నాటకాల పిట్ట' అని నాకు పేరు పెట్టింది నువ్వే. నాకూ నిజంగా తెలీదు అప్పుడు. ఈ అలర్జీ పరీక్షల ల్యాబులో చేరాకే తెలిసింది. ఇక్కడ మా పని ఏంటంటే, వచ్చినవాళ్ళ ముంజేతి మీద వరసగా చుక్కలు వేస్తాం. దుమ్ముదొకటి, పిల్లి వెంట్రుకదొకటి, గడ్డి పుప్పొడిదొకటి. ఒక్కో చుక్క మీద సూదితో చిన్నగా గీరి పావుగంట చూస్తాం. ఎక్కడ దద్దు లేస్తే అదీ దొంగ. మొదటి వారంలో నా చేతి మీద నేనే వేసుకున్నాను. గడ్డి చుక్క దగ్గర కోటు గుండీ అంత దద్దు లేచింది.

నీకు అర్థమయ్యేలాగా చెప్తాను విను. గడ్డి పువ్వేసినప్పుడు పొడి గాల్లోకి లేస్తుంది. కంటికి కనపడదు. అది ముక్కులో తడికి తగలగానే ఉబ్బి, లోపలున్న పదార్థం బయటికి వదులుతుంది. ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయి. అవి ఆ పదార్థాన్ని పట్టుకుని ముక్కలు చేసి, ఒక ముక్కని చేత్తో ఎత్తి పెద్దలకి చూపిస్తాయి. అందరి ఒంట్లో ఆ పెద్దలు, "గడ్డే కదా, పోనీ" అంటారు. నా ఒంట్లో "శత్రువు" అన్నారు. ఒకసారి ఆ మాట అన్నాక సరిగ్గా ఆ ముక్కకే పట్టే కొక్కేలు వేలకి వేలు తయారవుతాయి. పంగల కర్ర ఉంటుందే, ఆ ఆకారంలో. అవి పోయి ముక్కులో, గొంతులో, రొమ్ములో ఉన్న సంచుల్లాంటి కణాల మీద గుచ్చుకుని కూర్చుంటాయి. ఆ సంచుల నిండా మంట.

మొదటిసారి బయటికి ఏమీ తెలీదన్నయ్యా. ఒళ్ళు ఏమీ అనదు. లోపల గుర్తు పెట్టుకుంటుంది, అంతే. మళ్ళీ గడ్డి తగిలినప్పుడు ఒకే ముక్కకి పక్కపక్కనున్న రెండు కొక్కేలు తగులుకుంటే సంచి పగులుతుంది. కళ్ళు కారతాయి, గొంతు వాస్తుంది, ఊపిరి గొట్టాలు మూసుకుపోతాయి. నిజానికి గడ్డి ఏ పాపం ఎరగదు. చేసేదంతా మన ఒళ్ళే. తాడుని చూసి పామనుకోవడం, అంతే. కానీ ఆ భయంతో చచ్చిపోవచ్చు.

అదే పుప్పొడిని ఆవగింజలో వెయ్యో వంతు రోజూ నాలుక కింద పెట్టి మూడేళ్ళు ఒంటికి అలవాటు చేసే వైద్యం ఉంది. నాకూ మొదలుపెట్టారు. అప్పటికే ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయని మధ్యలో ఆపేశారు.

ఇప్పుడు గడ్డి పూత కాలం. ఆ ఇంటికి నేను రాలేను. ఒక్క మాట విను. ఆ కాగితం మీద సంతకం పెట్టు. మూడో అంతస్తు, సిమెంటు, కిటికీలు మూసుకునే గది. నాకు అంతకంటే స్వర్గం లేదు. అక్కడికైతే నేను ఏ రోజైనా వస్తాను. వచ్చి పది రోజులు ఉంటాను. నీ చేతి నీళ్ళే తాగుతాను.

పిట్ట

*

ఆగస్టు 19

పిట్టా,

నీ ఉత్తరం నాలుగు రోజులు చదివాను. రోజుకి ఒక పేజీ. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దారం కట్టుకున్నాను.

నీ ముక్కులో కాపలావాళ్ళు, పెద్దమనుషులు, కొక్కేలు, ఒక కోర్టు కచేరీయే ఉందన్నమాట! నా ముక్కులో తుమ్ము తప్ప ఏమీ లేదు. కందకి లేని దురద కత్తికెందుకంటారు. ఇక్కడ కత్తి నాది, దురద నీది. యాభై ఏళ్ళు ఆ గడ్డిలో నేను మునిగి తేలితే నన్నేమీ చెయ్యలేదు. ఒకే తల్లి పాలు తాగాం. నా ఒంటికి లేని పట్టింపు నీ ఒంటికెందుకొచ్చింది?

అయినా సరే, నువ్వు చెప్పింది అబద్ధమని అనను. పుస్తకం చదివి రాసినట్టుంది గానీ అబద్ధం రాసినట్టు లేదు. నాటకాల పిట్ట అన్న మాట నేను మర్చిపోయాను. నువ్వు మర్చిపోలేదు. సరే.

రెండు కొక్కేలు తగలాలని రాశావు. అంటే ఒక్క సాక్ష్యం చాలదు, ఇద్దరు చెప్పాలి. నీ ఒంట్లో ఆపాటి న్యాయమైనా ఉంది.

కానీ గడ్డి గడ్డి అని ఊరికే అంటే ఎలా? గడ్డి అంటే ఒకటా? మన మైదానంలో ఐదు జాతులున్నాయి. చీకట్లో పాదంతో తొక్కి చెప్పగలను ఏది ఏదో. అందులో దొంగ ఒకడే ఉంటాడు. మిగతా నలుగురినీ ఎందుకు నిందించాలి? ఐదింటి కంకులూ తెంపి, ఒక్కోటీ ఒక్కో కాగితంలో చుట్టి, పేర్లు రాసి ఇందులో పెట్టాను. నక్కతోకది, పొడుగుది, చీపురుది, నేల పట్టుకుని పాకేది, గరిక. బాగా పూతకొచ్చినవే చూసి ఏరాను, పరీక్షకి పనికొస్తాయని. మీ ల్యాబులో చూసి ఎవడో చెప్పు. వాణ్ణి వేళ్ళతో సహా పీకేస్తాను. నెలాఖరుకి వాడి వంశం లేకుండా చేస్తాను. అప్పుడు రా.

సంతకం పెట్టను. ఆ మాట మళ్ళీ రాయకు. ఈ గడప ముందు. మూడో అంతస్తు తర్వాత.

నీ అన్న

*

ఆగస్టు 28

పిట్టా,

తొమ్మిది రోజులైంది, జవాబు లేదు. దొంగ ఎవడో తేలలేదా, లేక ఐదుగురూ లంచం ఇచ్చారా?

నువ్వు రాసేదాకా ఆగితే నెల అయిపోతుంది. అందుకని ఐదింటినీ కోసేశాను. మెషిన్ లేకపోతే ఏం, నాన్న కొడవలి ఉంది. గేటు నుంచి వరండా దాకా, ఇంటి చుట్టూ, అటు కంచె దాకా, మొత్తం. నాలుగు రోజులు పట్టింది. డెబ్భై మూడేళ్ళవాడు నాలుగు రోజుల్లో అంత కోశాడంటే ఎవడూ నమ్మడు. అరచేతుల నిండా బొబ్బలు, అందుకే రాత వంకర. కోసినదంతా గేటు నుంచి మెట్ల దాకా దారి మీద మెత్తగా పరిచాను. నీ మోకాళ్ళకి రాళ్ళు గుచ్చుకోకుండా. వాసన ఎంత బావుందో! ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది.

ఇంక నీకు అడ్డేముంది? రా.

నీ అన్న

*

ఆగస్టు 29

అన్నయ్యకి,

నీ 19నాటి కవరుని వంటింటి బల్ల మీద విప్పాను. పొట్లాలు చూసి ఏవో విత్తనాలనుకున్నాను. రెండోది విప్పాక ఏం జరిగిందో నాకు తెలీదు. ఆసుపత్రిలో ఆరు రోజులున్నాను. నిన్ననే ఇంటికొచ్చాను. అందుకే ఆలస్యం.

నిన్ను ఏమీ అనడం లేదు. నువ్వు బాగా పూతకొచ్చినవే ఏరావని చదివి నవ్వొచ్చింది కూడా. మా అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. "మామయ్య ఉత్తరం రాశాడా, విషం పంపాడా?" అంది. దానికి నువ్వంటే తెలీదు. ఒకేసారి చూసింది, మూడేళ్ళప్పుడు.

నీ కంకుల్ని పారెయ్యనివ్వలేదు. గాజు గొట్టాల్లో మూసి ల్యాబుకి పంపాను. నా రక్తంతో కలిపి చూశారు. జవాబు ఇదీ: ఐదుగురూ దొంగలే. గడ్డి జాతులన్నీ దాయాదులన్నయ్యా, ముక్కూ మొహం ఒకే పోలిక. నా ఒంట్లో కొక్కెం పట్టేది గడ్డి పేరుని కాదు, ఆ పోలికని. ఒకడి మీద కోపం వస్తే వంశమంతటి మీదా వచ్చేసినట్టే. గరిక ఒక్కటే కాస్త దూరపు చుట్టం, దాని దెబ్బ కొంచెం తక్కువ. అంతే తేడా. కాబట్టి ఎవర్నీ పీకకు. ముఖ్యంగా, ఇప్పుడు కొయ్యకు. పూత మీదున్న గడ్డిని కోస్తే ఉన్న పొడంతా ఒక్కసారిగా లేస్తుంది. నువ్వు కొడవలి పట్టుకుంటావేమోనని నాకు భయంగా ఉంది. దయచేసి ముట్టుకోకు.

నువ్వు సంతకం పెట్టవని కూడా అర్థమైంది. నిన్ను ఎనభై ఏళ్ళకైనా ఎవరూ మార్చలేరు. ముప్పై తర్వాత నువ్వు రోడ్డు మీద కొడవలి పట్టుకుని నిలబడినట్టు ఆసుపత్రిలో రెండుసార్లు కల వచ్చింది. అందుకని నేనే వస్తాను. సెప్టెంబరు 10న. రెండు రోజులు ముసురు పట్టి ఆగితే గాలి కడిగినట్టుంటుంది, అప్పుడు వస్తే ప్రమాదం తక్కువ. ఆ వారం ముసురు పడుతుందంటున్నారు. మాస్కు పెట్టుకుంటాను, పీల్చే మందు చేతిలో ఉంటుంది. గడప దాటి, నీళ్ళు తాగి, పది నిమిషాల్లో వెళ్ళిపోతాను. నువ్వు ఆ కాగితం బయటికి తెచ్చి పెట్టుకో. నా ముందే సంతకం పెట్టాలి. ఇది బేరం.

అమ్మాయికి చెప్పడం లేదు.

పిట్ట

*

సెప్టెంబరు 4

పిట్టా,

మన ఉత్తరాలు దారిలో ఎదురెదురుగా వెళ్ళాయి. నువ్వు కొయ్యకు అని రాసేనాటికి నేను కోసి పరిచేశాను.

ఆరు రోజులు ఆసుపత్రి అని చదివాను. నేను దొంగని పట్టిద్దామనుకున్నాను. దొంగల ముఠాని కవర్లో పెట్టి నీ ఇంటికి పంపాను. తప్పే. రాశాను చూడు, తప్పే. ఈ మాట నా నోటినుంచి ఎవరూ వినలేదు, నువ్వు కాగితం మీద చదువుకో.

ఇప్పుడు చేసినది విను. దారి మీద పరిచిన గడ్డినంతా నీళ్ళు చల్లి తడిపి, గోనెల్లో కూరి, తోపుడు బండి మీద పద్నాలుగు సార్లు తిప్పి, కంచె అవతల పల్లంలో పోశాను. దారి చీపురుతో ఊడ్చాను, మళ్ళీ కడిగాను. వరండా కడిగాను. గోడలు గుడ్డతో తుడిచాను. కొట్టం తలుపు సందుల్లో తడి గోనె పట్టాలు కుక్కాను. దుప్పట్లు ఉడకబెట్టాను. ఒంటి మీద బట్టలు రోజుకి రెండుసార్లు ఉతుకుతున్నాను. పోస్టుమాన్ చూసి, "ఏం తాతా, పెళ్ళి చూపులా?" అన్నాడు. అవునన్నాను. అమ్మాయి ముక్కు కాస్త పట్టింపు మనిషి అన్నాను.

గ్లాసు బూడిదతో తోమాను. కాగితం బల్ల మీద పెట్టాను, పెన్ను పక్కన పెట్టాను. పదో తారీఖున అమ్మ పోయినప్పటి మంచి కోటు తీసి వేసుకుంటాను. అది మాసింది కాదు. ఆ రోజు తర్వాత మళ్ళీ వేసుకోలేదు, పెట్టెలో మడత పెట్టి భద్రంగా ఉంచాను.

ముసురు మొదలైంది.

నీ అన్న

*

సెప్టెంబరు 11

పిట్టకి,

నేను ఏం చేశానని?

గేటు తీసుకుని వచ్చావు. దారి పొడుగునా నడిచావు, ఆగి ఊపిరి పీల్చి చూసుకున్నావు, బాగానే ఉన్నావు. తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. మెట్ల దగ్గర మాస్కు తీసి నవ్వావు. పళ్ళు రెండు పోయాయి నీకు. అప్పుడు నేను గ్లాసు పట్టుకుని దిగాను. మనింట్లో ఎవరూ ఎవర్నీ కావలించుకోరు. నాన్న మనల్ని ఒక్కసారి దగ్గరికి తీసుకోలేదు. నేను తీసుకున్నాను. నీ తల నా గుండెల మీద పెట్టుకున్నాను. నువ్వు నన్ను తోసేశావు. రెండు చేతులతో! గ్లాసు పగిలింది. ముక్కుకి అదే కొంగు. అదే వెనక్కి అడుగు. ఒక్క మాట కూడా లేకుండా గేటు దాటి పరుగు.

దారి కడిగాను కదా. గోడలు తుడిచాను కదా. గాలి నీకు పడింది కదా, నడిచొచ్చావు కదా. నీకు పడనిది ఇంక మిగిలింది ఎవరు? నేనే. నెపం గడ్డి మీద ఎందుకు పెడతావు? పంపువాడు చెప్పింది నిజం. ఆ మెట్ల మీద గాజుముక్కలు ఏరుతుంటే వాడి మాటే వినపడింది.

కాగితం చింపలేదు. సంతకమూ పెట్టలేదు.

నాకు రాయకు.

*

సెప్టెంబరు 16

అన్నయ్యకి,

ఇది నేను చెప్తుంటే అమ్మాయి రాస్తోంది. రాయనని రెండు రోజులు మొండికేసింది. గొంతులో గొట్టం మొన్ననే తీశారు, అందుకని నాలుగు మాటలే.

నువ్వు దారి కడిగావు. గాలి బావుంది. నేను బావున్నాను. ఇల్లు బావుంది. కోటు అన్నయ్యా. కోటు.

నాన్న పెట్టెలో బట్టల మడతల మధ్య ఎండుగడ్డి పరిచేవాడు గుర్తుందా, పురుగు పట్టకుండా. కంచె అవతల కోసిన గడ్డి, కంకులతో సహా. నువ్వూ పరుస్తూనే ఉంటావు. మనింట్లో అది అలవాటు, మన కంటికి ఆనదు. నువ్వు నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడు నా ముక్కు ఆ కోటులో ఉంది. ఇరవై రెండేళ్ళ గడ్డి. ఎండినా దాని పోలిక పోదు. మాట్లాడటానికి ఊపిరి లేదు. రోడ్డు మలుపులో పడిపోయానట, ఎవరో ఎత్తుకొచ్చారు.

నువ్వు రాసే కాగితాలూ ఆ పెట్టెలోవే. మొదటి ఉత్తరానికి నేను ఏడవలేదన్నమాట.

తోసినందుకు క్షమించు. ఆ గదికి సంతకం పెట్టు

(మామయ్యా, అమ్మ ఇక్కడ ఆగిపోయింది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. ఈసారి ఎన్ని రోజులో వాళ్ళు చెప్పడం లేదు. మీ ఇంట్లోంచి వచ్చే కాగితం ఏదీ ఇక నేను తీసుకోను. నన్ను తిట్టుకోండి, ఫరవాలేదు.)

*

సెప్టెంబరు 25

పిట్టా,

20న ఒకటి రాశాను. నిన్న తిరిగొచ్చింది, విప్పకుండా. తీసుకోలేదని పైన రాసి ఉంది. మేనకోడలు చేసింది సబబే. నీ మూడు ఉత్తరాలు నేను విప్పలేదు, నా ఒకటి నీ కూతురు విప్పలేదు. ఇంకో రెండు తిరిగొచ్చినా నోరెత్తను.

ఇది అలాంటి ఉత్తరం కాదు. మేనకోడలా, నువ్వు చదివినా సరే, భయపడకు. ఇది ఇంట్లో రాసింది కాదు. పొద్దున్నే దుకాణంలో కొత్త చొక్కా, కొత్త పంచె కొని, అక్కడి పంపు కింద తల మీదుగా స్నానం చేసి అవే కట్టుకుని నేరుగా పోస్టాఫీసుకి వచ్చాను. కాగితం ఇక్కడే కొన్నాను. పెన్ను ఇక్కడిదే, తాడు కట్టి ఉంది. కౌంటర్లో అమ్మాయి, "ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా రాసుకోండి తాతా" అంది. ఇంటికి తీసుకెళ్తే ఇది ఉత్తరం కాదమ్మా, గడ్డిమోపు అన్నాను. నవ్వింది. కవరు మీద 'పోస్టాఫీసులో రాసినది' అని ఆ పిల్లే పెద్ద అక్షరాలతో రాసిపెడతానంది.

అప్పుడూ అదే కోటు. అమ్మ పోయిన రోజున గేటు దగ్గర. నేను ఎదురు రాకపోతే నువ్వు మెట్లెక్కేదానివి. అది తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, నీకు రెండుసార్లు ప్రాణం మీదికొచ్చింది. నీ ఒళ్ళు నా కంటే నయం. అది గడ్డిని చూసి శత్రువంది. నేను చెల్లెల్ని చూసి అన్నాను.

11నాటి ఉత్తరం నీ దాకా చేరిందో లేదో తెలీదు. చేరితే చింపెయ్. చదివి ఉంటే నేనేమీ చెయ్యలేను.

కోటుని కాల్చలేదు, పొగ కూడా నీకు పడదేమోనని. గొయ్యి తీసి పాతిపెట్టాను. పెట్టె, కాగితాలు, కొడవలి కూడా. నాన్న ఏమనుకున్నా సరే.

సంతకం పెట్టాను. నిన్న. నువ్వు గడప దాటకుండానే పెట్టాను. చూసొచ్చాను ఆ గది. మూడో అంతస్తు. కిటికీ మూస్తే చప్పుడు కూడా రాదు. కింద సిమెంటు, ఎదురుగా సిమెంటు. పచ్చటిది ఏమీ లేదు, ఒక గోడకి వేసిన రంగు తప్ప. నువ్వు మొదటి ఉత్తరంలో చెప్పినప్పుడే పెట్టి ఉంటే ఈ పాటికి నువ్వు ఆ కిటికీ పక్కన కూర్చుని నా 'ళ' చూసి వెక్కిరిస్తూ ఉండేదానివి. ఇది నాకు తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆసుపత్రికి వద్దామని బస్సు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఎంత కడుక్కున్నా ఒంట్లో ఎక్కడో ఉంటుంది. యాభై ఏళ్ళది. గోళ్ళలో ఉంటుంది, చెవుల్లో ఉంటుంది. అది పోయేదాకా మీ తలుపు దగ్గర నేను నిలబడకూడదు. దూరం నుంచి కూడా.

ఇంకొక్కటే ఉంది. తాళం ఇచ్చేవాడు అడిగాడు, గదిలో మంచం ఒకటి వెయ్యాలా రెండు వెయ్యాలా అని. ముప్పై సాయంత్రం లోపు చెప్పాలట. తర్వాత వాళ్ళు ఏమీ మార్చరట. రెండు అన్నాను. రెండో మనిషి ఎవరు, కాగితం చూపించు అన్నాడు. నా చెల్లెలు అన్నాను. ఆవిడ వస్తానని రాసిచ్చిందా అన్నాడు. రాసిస్తుంది అన్నాను.

నాలుక కింద ఆవగింజలో వెయ్యో వంతు అన్నావు. నాకు అంతే చాలు. వస్తాను అని ఒక్క మాట. పిట్ట రాయలేకపోతే మేనకోడలు రాయాలి. రాదు అనైనా రాయాలి. ఖాళీ కాగితం మాత్రం పంపకండి, దానికి అర్థం నేను వెతుక్కోలేను.

రేపటి నుంచి పోస్టాఫీసు తీసేసరికి ఇక్కడ బెంచీ మీద ఉంటాను. ఇల్లు కాదు, ఈ చిరునామాకే రాయండి. ముప్పై సాయంత్రం ఐదింటికి వీళ్ళు కిటికీ మూస్తారు. జవాబు ఆ లోపల రావాలి.

అన్న